సొమ్మొకడిది, సోకొకడిది: ఫొటో కింద పేరు కథ

(ఈ వారం ఎపిసోడ్‌కి రాత ప్రతి ఇది. మాట్లాడేటప్పుడు తడబడ్డ చోట్ల సరిచేశాను, అంతే. మిగతాదంతా మీరు విన్నదే.)

ఈసారి చరిత్రలోకి వెళ్ళేముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి.

బతుకమ్మ మీద మనం చేసిన ఎపిసోడ్ గుర్తుందా? దాని కవర్ ఫొటో బాగుందని చాలామంది మెసేజ్ పెట్టారు. న్యూజెర్సీలో ఒక పార్కు, సాయంత్రపు వెలుగు, చెరువు ఒడ్డు. తంగేడు దొరకని దేశంలో బంతిపూలు, చామంతులతో పేర్చిన బతుకమ్మ. చుట్టూ పట్టుచీరల మీద స్వెట్టర్లు వేసుకున్న ఆడవాళ్ళు. ఆ ఫొటో నేను తీయలేదు. నెట్‌లో వెతికితే దొరికింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట అదే, "దొరికింది" అని. రోడ్డు మీద ఎవరో పారేసుకున్న నోటు దొరికినట్టు.

పాడ్‌కాస్ట్ కవర్ నలుచదరంగా ఉండాలి. ఆ ఫొటో నిలువుగా ఉంది. అందుకని పైనా కిందా కోశాను. కింద కోసిన ముక్కలో చిన్న తెల్లటి అక్షరాల్లో ఒక పేరుంది. అది నేను చూడలేదని చెప్పను. చూసే కోశాను.

మూడు వారాల తర్వాత ఒక ఈమెయిల్ వచ్చింది. "అన్నా, మీ షో రోజూ డ్రైవింగ్‌ల వింట. బతుకమ్మ కవర్ మీదున్నది నా ఫొటో. అడిగితే ఇచ్చేటోణ్ణే. వాడుకున్నరు సరే, కింద నా పేరెందుకు కోసిన్రు?"

తిట్టినా బాగుండేది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఫొటో కింద పేరుకి అసలు విలువెంత అని వెతుక్కుంటూ పోతే, ఆ దారి నన్ను 1882 నాటి న్యూయార్క్ దాకా తీసుకెళ్ళింది. ఈ ఎపిసోడ్ ఆ దారి గురించే.

యూనియన్ స్క్వేర్ స్టూడియో

నెపోలియన్ సరోనీ. కెనడాలోని క్విబెక్‌లో పుట్టాడు. మొదట్లో లితోగ్రాఫర్, అంటే రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసే పని. తర్వాత ఫొటోగ్రఫీలోకి వచ్చి, న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో స్టూడియో పెట్టాడు. నాటకాల వాళ్ళు, గాయకులు, రచయితలు అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. మనకి తెలిసినట్టు చెప్పాలంటే, ఇంచుమించు అదే కాలంలో సికింద్రాబాద్‌లో లాలా దీన్‌దయాళ్ స్టూడియోకి ఎంత పేరుందో, అక్కడ సరోనీకి అంత పేరు.

ఆ వ్యాపారం ఎలా నడిచేదో తెలిస్తేనే గొడవ అర్థమవుతుంది. మామూలు జనం ఫొటో తీయించుకుంటే ఫొటోగ్రాఫర్‌కి డబ్బిస్తారు. పేరున్నవాళ్ళ విషయంలో ఇది తిరగబడుతుంది. వాళ్ళకే సరోనీ ఎదురు డబ్బిచ్చేవాడు. ఆ ఫొటోలని అట్టల మీద అంటించి, వేలల్లో అమ్మి, పెట్టుబడి రాబట్టుకునేవాడు. ఈరోజు సినిమా స్టార్ల పోస్టర్లు కొన్నట్టు, ఆనాటి జనం ఆ కార్డులు కొని ఆల్బమ్‌లో దాచుకునేవాళ్ళు. అంటే ఫొటో ఎవరైనా కాపీ కొట్టి సగం ధరకి అమ్మితే, సరోనీ పెట్టిన డబ్బు గోవిందా.

1882 జనవరిలో ఆస్కార్ వైల్డ్ అమెరికా వచ్చాడు. అప్పటికి వయసు 27. పెద్ద రచనలు ఇంకా రాయలేదు గానీ, పొడుగు జుట్టు, వెల్వెట్ కోటు, మోకాళ్ళ దాకా పట్టు మేజోళ్ళు, అందం గురించి ఉపన్యాసాలు, వీటితో పత్రికలన్నీ అతని వెంటే పడ్డాయి. సరోనీ అతన్ని కూచోబెట్టి, నిలబెట్టి, రకరకాల భంగిమల్లో ఫొటోలు తీశాడు. వాటిలో ఒకటి "ఆస్కార్ వైల్డ్, నంబర్ 18". కాస్త ముందుకి వంగి కూచుని, చేతిలో పుస్తకం, చెంపకి ఆనించిన చెయ్యి. వైల్డ్ అనగానే ఈరోజుకీ మన కళ్ళ ముందుకొచ్చే రూపం దాదాపు అదే.

ఆ ఫొటోని బరో-గైల్స్ అనే లితోగ్రాఫ్ కంపెనీ తీసుకుని, అడక్కుండా, 85,000 కాపీలు అచ్చేసింది. ఎనభై ఐదు వేలు! ఇంటర్నెట్ లేదు, స్క్రీన్‌షాట్ లేదు, వాట్సాప్ లేదు. అయినా దొంగతనం ఆ స్థాయిలో జరిగింది. "నెట్ వచ్చాకే ఈ దరిద్రం" అనుకునేవాళ్ళకి ఈ అంకె ఒక్కటి చాలు.

యంత్రం తీసిన బొమ్మకి రచయిత ఎవరు?

సరోనీ కోర్టుకెళ్ళాడు. కంపెనీ కాపీ కొట్టలేదని బుకాయించలేదు. రెండు వాదనలు పెట్టింది.

మొదటిది పెద్ద వాదన. అమెరికా రాజ్యాంగం రక్షణ ఇచ్చేది రచయితల రచనలకి. కెమెరా ఒక యంత్రం, ఎదురుగా ఏముంటే అది పట్టుకుంటుంది, లెన్స్ మూత తీసి మళ్ళీ పెట్టినవాడు రచయిత ఎలా అవుతాడు? 1865లో పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, ఫొటోలని కాపీరైట్ చట్టంలో చేర్చింది నిజమే గానీ, అసలు అలా చేర్చే అధికారమే దానికి లేదన్నారు.

రెండోది చిన్న వాదన. నాకు మాత్రం అదే భలే నచ్చింది. అప్పటి చట్టం ప్రకారం ఫొటో మీద హక్కుదారు పేరు, సంవత్సరం ఉండాలి. సరోనీ కార్డు మీద "కాపీరైట్, 1882, ఎన్. సరోనీ" అని ఉంది. నెపోలియన్ అని పూర్తిగా లేదు, వట్టి "ఎన్" ఉంది. కాబట్టి చెల్లదన్నారు!

మన తెలుగువాళ్ళకి ఈ బాధ కొత్త కాదు కదా. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసుకుని, ఈ దేశంలో దిగాక పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఒకలా ఉందని ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళం. సరోనీ కూడా పొడి అక్షరం దగ్గర ఇరుక్కున్నాడన్నమాట.

1884 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జడ్జీలందరిదీ ఒకే మాట. రాసింది జస్టిస్ శామ్యూల్ మిల్లర్. పొడి అక్షరం విషయం తేలిగ్గా తేల్చేశారు: ఆ నోటీసు ఉన్నది చూసేవాళ్ళకి హక్కు ఎవరిదో తెలియడానికి, "ఎన్. సరోనీ" అంటే ఎవరో తెలుస్తోంది, చాలు. పెద్ద వాదనకి జవాబు కూడా అంత సూటిగానే ఉంది. రచయిత అంటే కలంతో రాసేవాడే కాదు, ఒక పని ఎవరి నుంచి పుట్టిందో వాళ్ళు. వైల్డ్‌ని అలా కూచోబెట్టింది, ఆ బట్టలు, తెరలు, వస్తువులు ఎంచింది, వెలుగు నీడలు సర్దింది, ఆ ముఖంలో ఆ భావం రప్పించింది సరోనీ. కాబట్టి ఫొటో అతనిదే.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. సరోనీ స్టూడియోలో కెమెరా దగ్గర నిలబడే పని మామూలుగా అసిస్టెంట్‌ది. సరోనీ పని మనిషిని మలచడం. "క్లిక్ ఎవరు చేశారు" అనేదాని కన్నా "చూపు ఎవరిది" అన్నదే ముఖ్యమని ఆ తీర్పు అంటున్నట్టు నాకనిపిస్తుంది. ఆ అసిస్టెంట్ పేరు మాత్రం ఆ కార్డు మీద లేదు. పేరు గురించిన కథలో కూడా ఒక పేరు రాలిపోయింది.

మరి సరోనీకి దక్కిందెంత? 610 డాలర్లు. 85,000 కాపీలకి పంచి చూడండి, కాపీకి ముప్పావు సెంటు కూడా పడదు. అయినా దేశంలో ప్రతి ఫొటోగ్రాఫర్‌కీ ఆ కేసే పునాది. హక్కు గొప్పది, చేతికొచ్చేది చిన్నది. ఈ వరస అక్కడే మొదలైంది.

పేరు వేయకపోతే హక్కే పోయిన రోజులు

ఆ తర్వాత వంద ఏళ్ళూ చట్టం చాలా పట్టుదలగా ఉండేది. ఫొటోని ప్రచురించేటప్పుడు పేరు, సంవత్సరం, కాపీరైట్ అనే మాట గానీ గుర్తు గానీ లేకపోతే, హక్కే పోయే ప్రమాదం ఉండేది. 1989 మార్చి 1న అమెరికా బెర్న్ ఒప్పందంలో చేరాక ఆ నియమం పోయింది. ఇప్పుడు మీ అమ్మాయి పుట్టినరోజు ఫొటో మీరు క్లిక్‌మనిపించిన క్షణం నుంచి కాపీరైట్ మీదే. పేరు వేయక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

వినడానికి బాగుంది. కానీ చిక్కు రెండో అంతస్తులో ఉంది. ఇక్కడ తీసి ఇక్కడే ప్రచురించిన ఫొటో మీద దావా వేయాలంటే వాషింగ్టన్‌లోని కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఉండాలి. సరే, దొంగతనం జరిగాక చేయించుకుందాం అంటారా? చేయించుకోవచ్చు. కానీ అప్పుడు మీ అసలు నష్టాన్ని, అవతలి వాళ్ళ లాభాన్ని మీరే లెక్కగట్టి నిరూపించాలి. ఒక బతుకమ్మ ఫొటోకి నష్టం ఎంతని నిరూపిస్తారు? యాభై డాలర్లా, నూరా? లాయర్ మొదటి గంట ఫీజుకి కూడా చాలదు.

అదే దొంగతనానికి ముందో, ప్రచురించిన మూడు నెలల్లోపో రిజిస్టర్ చేసి ఉంటే లెక్క మారుతుంది. ఒక్కో ఫొటోకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా కోర్టు ఇవ్వొచ్చు. లాయర్ ఖర్చులూ అడగొచ్చు. పెద్ద ఏజెన్సీలకి ఇదంతా తెలుసు, మనుషులున్నారు, కాగితాలు ముందే కడతారు. శని, ఆదివారాలు పెళ్ళిళ్ళకి, శ్రీమంతాలకి కెమెరా పట్టుకుని తిరిగే మన తమ్ముడికి తెలియదు. హక్కు ఇద్దరికీ ఒకటే, కర్ర మాత్రం ఒకరి చేతిలోనే ఉంది.

1998లో ఇంటర్నెట్ కోసం ఇంకో చట్టం వచ్చింది, డీఎంసీఏ. "ఇది నాది, తీసేయండి" అని పద్ధతి ప్రకారం ఉత్తరం పంపితే సైటు వాళ్ళు తీసేస్తారు. అలా తీసేస్తే సైటు మీద బాధ్యత ఉండదు. దీనికి లాయర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. నిజంగా పనికొచ్చే ఆయుధమే. కానీ ఒక బొరియ మూస్తే ఎలుక ఇంకో బొరియలోంచి వస్తుంది. ఒక చోట తీయించేలోపు పది చోట్లకి పాకుతుంది. పైగా తీసేశారు సరే, అప్పటిదాకా వాడుకున్నందుకు పైసా రాదు.

అదే చట్టంలో జనం పెద్దగా పట్టించుకోని ఇంకో సెక్షన్ ఉంది, 1202. దాని గురించి చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి.

న్యూజెర్సీ రేడియో, న్యూయార్క్ జ్యూరీ

2006లో న్యూజెర్సీ మంత్లీ అనే పత్రిక ఒక ప్రత్యేక సంచిక కోసం పీటర్ మర్ఫీ అనే ఫొటోగ్రాఫర్‌తో ఇద్దరు రేడియో హోస్టుల ఫొటో తీయించింది. స్టేషన్ బోర్డు వెనక బట్టలు లేనట్టు కనిపించే సరదా ఫొటో. పత్రికలో ఆ పేజీ అంచున, మడత దగ్గర, చిన్న అక్షరాల్లో మర్ఫీ పేరుంది. రేడియో స్టేషన్‌లో ఎవరో ఆ పేజీ స్కాన్ చేశారు. ఫొటో, దాని కింద మాటలు కొన్ని ఉంచారు. అంచున ఉన్న పేరు కోతలో పోయింది. అది వెబ్‌సైట్లో పెట్టి, "దీన్ని మీ ఇష్టమొచ్చినట్టు మార్చి పంపండి" అని శ్రోతలకి పిలుపిచ్చారు. 26 మార్పుల ఫొటోలు వచ్చాయి, అవీ పెట్టారు.

మర్ఫీ దావా వేశాడు. పేజీ అంచున అచ్చైన పేరు కోసేయడం 1202 కిందికి రాదని, ఆ సెక్షన్ డిజిటల్ రక్షణ ఏర్పాట్ల గురించేనని కింది కోర్టు అంది. 2011 జూన్‌లో ఫిలడెల్ఫియాలోని అప్పీల్ కోర్టు కాదంది. చట్టంలో రచయిత పేరు అని రాసి ఉంది, అచ్చైన పేరు కూడా పేరే, కేసు నడవాల్సిందే అంది. దొంగతనాన్ని కప్పిపుచ్చేలా తెలిసి తెలిసి పేరు తీసేస్తే, ప్రతి ఉల్లంఘనకీ 2,500 నుంచి 25,000 డాలర్ల దాకా పడుతుంది. ఈ సెక్షన్ కింద దావాకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కూడా చాలా కోర్టులు అన్నాయి. కాగితాలు కట్టని తమ్ముడికి మిగిలిన కర్ర అదొక్కటే: తన పేరు.

న్యూజెర్సీ, మైకు ముందు మాట్లాడేవాళ్ళు, కోతలో పోయిన పేరు. అర్థమైంది కదా నాకెందుకు చెమటలు పట్టాయో.

రెండో కథ ఇంకా బరువైంది. 2010 జనవరి 12, హైతీ భూకంపం. డేనియల్ మొరెల్ అక్కడే పుట్టిన ఫొటోగ్రాఫర్, ఆ సాయంత్రం అక్కడే ఉన్నాడు. కూలిన ఇళ్ళు, దుమ్ములోంచి బయటకి లాగుతున్న మనుషులు. ఆ ఫొటోలని ట్విట్టర్ ద్వారా పెట్టాడు. కాసేపట్లోనే ఇంకొకరు వాటిని కాపీ చేసి తనవే అన్నట్టు పెట్టుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ అక్కడి నుంచి తీసుకుని, ఆ తప్పు పేరుతోనే ప్రపంచమంతా పంపింది, గెట్టీ ఇమేజెస్ దగ్గరికీ వెళ్ళాయి. మొరెల్ అభ్యంతరం చెప్తే, ముందు కోర్టుకెళ్ళింది ఏఎఫ్‌పీయే! ట్విట్టర్ నిబంధనల ప్రకారం తమకి వాడుకునే హక్కుందని వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. పంచుకోవడం వేరు, వదులుకోవడం వేరు. 2013 నవంబర్‌లో న్యూయార్క్ జ్యూరీ, తెలిసే చేశారని తేల్చి, ఎనిమిది ఫొటోలకి 12 లక్షల డాలర్లు ఇవ్వమంది. ఒక్కో ఫొటోకి 1,50,000. చట్టంలో ఉన్న గరిష్ఠం అదే.

సరోనీకి ముప్పావు సెంటు, మొరెల్‌కి లక్షన్నర. కానీ మొరెల్ దాదాపు నాలుగేళ్ళు పోరాడాడు. అందరికీ అంత ఓపిక, అంత లాయర్ దొరకరు.

మరి మనవాళ్ళ సంగతి?

మన దగ్గర ఈ అలవాటు పాతదే. బాపు బొమ్మ లేని తెలుగు పెళ్ళి శుభలేఖ ఎక్కడైనా చూశారా? అందులో ఎన్నింటికి ఆయన్ని అడిగి ఉంటారు? ఒకసారి ఓ సంఘం ఉగాది ఫ్లయర్ చూశాను. బాపు గీసిన అమ్మాయి, జడ, వాలుచూపు, అన్నీ ఉన్నాయి. మూలన ఉండాల్సిన ఆ చిన్న సంతకం చోట క్యాటరింగ్ స్పాన్సర్ లోగో ఉంది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అన్లేదు.

ఫొటోలు తీసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు వింటుంటే మూడు మాటలు. నేను లాయర్ని కాను, చదివింది చెప్తున్నా. ఒకటి, పేరు మూలకి వేయకండి, కోస్తే బొమ్మ పాడయ్యే చోట వేయండి. ఫైల్ లోపలి వివరాల్లో కూడా రాయండి. రెండు, రిజిస్ట్రేషన్ అనుకున్నంత ఖరీదు కాదు, ఒకే దరఖాస్తులో 750 ఫొటోల దాకా 55 డాలర్లకి చేయించుకోవచ్చు. మూడు నెలలకోసారి కూచుంటే అయిపోతుంది. మూడు, 2022 జూన్ నుంచి కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు అని చిన్న కోర్టు లాంటిది నడుస్తోంది. మొత్తం ఫీజు 100 డాలర్లు, లాయర్ లేకుండా ఆన్‌లైన్‌లోనే. 30,000 డాలర్ల దాకా ఇప్పించగలదు. టైముకి రిజిస్టర్ చేయని ఫొటోకి కూడా 7,500 దాకా రావచ్చు. లోపం ఏంటంటే, అవతలివాళ్ళు 60 రోజుల్లో "మేం రాం" అంటే ఆ బోర్డు ఏమీ చేయలేదు. మళ్ళీ పెద్ద కోర్టే గతి.

ఇంకొక్క సంగతి. సరోనీ ఇప్పుడు మళ్ళీ కోర్టుల్లో వినిపిస్తున్నాడు. ఏఐ బొమ్మలకి కాపీరైట్ ఇవ్వమని వచ్చిన కేసులో, మనిషి రచయిత కావాల్సిందేనని 2023లో వాషింగ్టన్ కోర్టు చెప్పినప్పుడు ఆ 1884 తీర్పునే ఉదహరించింది. అదే ఏడాది, తమ బొమ్మలతో అడక్కుండా యంత్రాలకి శిక్షణ ఇచ్చారని ముగ్గురు కళాకారులు కాలిఫోర్నియాలో దావా వేశారు. ఆనాడు "యంత్రం వెనక మనిషి ఉన్నాడా" అని అడిగారు. ఈనాటి యంత్రంలో లక్షలమంది ఉన్నారు, ఒక్కరి పేరూ కనబడదు.

ఈమెయిల్ రాసిన తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తా. ఫోన్ చేశాను. "చూసే కోశాను, తప్పయింది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆరోజు ఆ వెలుగు కోసం గంటన్నర చలిలో నిలబడ్డానని చెప్పాడు. మామూలుగా ఎంత తీసుకుంటావో అంత చెప్పు అంటే, మొదట వద్దన్నాడు, నేను వదల్లేదు, చివరికి చెప్పాడు. పంపించాను. ఇప్పుడు బతుకమ్మ ఎపిసోడ్ కవర్ చూస్తే ఫొటో నిలువుగానే ఉంటుంది, రెండు పక్కలా ఖాళీ వదిలాను. చూడ్డానికి అంత నీటుగా లేదు. కింద అతని పేరుంది. తన పేరు ఎపిసోడ్‌లో చెప్పొద్దన్నాడు, "ఫొటో మీదుంటే చాలన్నా" అన్నాడు, అందుకే ఇక్కడ చెప్పట్లేదు.

పాత ఎపిసోడ్ల కవర్లన్నీ ఒక్కొక్కటే వెతికి చూస్తున్నాను. ఇంకో నాలుగింటికి ఎవరు తీశారో తెలియలేదు. అవి తీసేశాను. ఆ చోట ప్రస్తుతానికి వట్టి ఎపిసోడ్ నంబర్ ఉంటుంది. మీలో ఎవరిదైనా అయితే రాయండి.

వచ్చేవారం కలుద్దాం. ఉంటాను.